అవాచకగానమున రసప్రతీతి

శబ్దార్థముల సంబంధము కావ్యశాస్త్రమునఁ దొలిపాఠము. 1986వ సంవత్సరమున ఇంగ్లండునందలి ఫోర్ ఏడీ సంస్థ ప్రకటించిన ‘ది మూన్ అండ్ ది మెలొడీస్’ అను గీతసంపుటమును వినిన పిదప నా పాఠమును మరల విచారింపవలసి వచ్చినది.

దీని కర్తలు నలువురు. హెరాల్డ్ బడ్ అమెరికాదేశపు పియానో విద్వాంసుఁడు. 2020 డిసెంబరున దివంగతుఁడయ్యెను. ఎలిజబెత్ ఫ్రేజరు, రాబిన్ గుత్రీ, సైమన్ రేమండు అను మువ్వురు ‘కాక్టో ట్విన్స్’ బృందమువారు. బడ్ మార్గము ఆంబియెంటు. అది తాళము నూఁతగాఁ గొనక పరిసరమువలె శ్రోత నావరించును. బృందముది డ్రీమ్ పాప్. అది గిటారునాదమును ప్రతిధ్వనియంత్రములచేఁ బెంచి, యందుఁ గంఠమును ముంచును. రచనలెనిమిదింట నాలుగింట మాత్రమే ఫ్రేజరు గానము కలదు. ఆ గానమునఁ బదములు తెలియరావు.

ఉప్పలునుండి నాచారమునకుఁ బోవుచు నొక సాయంకాలము దీనిని వింటిని. నాచారమన్నంతనే నందమూరి తారక రామారావుగారి రామకృష్ణ స్టూడియో తలఁపునకు వచ్చును. ఆయన 1977లో నిర్మించి నటించిన ‘దానవీరశూరకర్ణ’లోఁ గొండవీటి వెంకటకవిగారి సంభాషణ లక్షరమక్షరము స్పష్టముగా మ్రోఁగినవి. అట్టి వాచికమున కలవడిన తెలుఁగు చెవికి ఫ్రేజరు గానము తొలుత నపరాధమువలెఁ దోఁచుట సహజము.

అయినను ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోక తృతీయోద్ద్యోతమున వ్యంజకత్వము వాచకత్వముకంటె వేఱని నిరూపించుచు, అర్థమును జెప్పని గీతశబ్దములును రసాదులను స్ఫురింపఁజేయునని దృష్టాంతముఁ జూపెను. మన రాగాలాపనకుఁ బ్రామాణ్యమిదియే. సంపుటమునఁ దొలిదగు ‘సీ, స్వాలో మీ’ యను గీతము దీనికిఁ జక్కని యుదాహరణము. పదము బోధపడదు; ఆర్తి బోధపడును. ఆంగ్లము మాతృభాషయైనవానికిని ఆ పదములు దుర్గ్రాహ్యములే. కావున ఆంగ్లమెఱుఁగని యుప్పలువాసియు, నెఱిఁగిన లండనువాసియు నిచ్చట సమానాధికారులు.

దోషమును జెప్పక విడువరాదు. ఆలాపన స్వరమువెంట స్వరమును నిలిపి రాగస్వరూపమును స్థాపించును. శ్రోత తానెచ్చటికిఁ జేరెనో యెఱుఁగును. ఇందుఁ బ్రతిధ్వని స్వరముల యంచులను జెఱిపివేయుటచేఁ గొన్ని వాద్యరచనల యాద్యంతములకు భేదము గానరాదు. గానములు నాలుగును, వాద్యరచనలు నాలుగును ఏకవాక్యత లేక రెండు సంపుటములవలె నిలిచినవి. బృందనామమునకు బదులు నలువుర పేరులతోఁ బ్రకటించుట యీ విభాగమునకుఁ దగియే యున్నది.

ఈ విచారము మనకేల యందురేమో. మన పాఠశాలలలోఁ బద్యమునకుఁ బ్రతిపదార్థము చెప్పి ముగించుట పరిపాటి. బాలుఁడు పద్యమును మొదట నడకచేతనే ప్రేమించును. అర్థము పిదప వచ్చును. అర్థము వలదని నా మతము గాదు. అది ముందుగా వచ్చి నాదమును మ్రింగరాదని మాత్రమే మనవి. పద్యమును రాగయుక్తముగాఁ జదివి, క్షణకాల మూరకుండి, యటుపిమ్మట నర్థమును జెప్పినచో నేమి కొఱవడునో పండితులు విచారింతురుగాక.