తల్లిపై మోపిన నింద: ‘శూన్యదుర్గం’ గ్రంథ విమర్శ

రెండేండ్లు దాటిన బిడ్డ పేరుపెట్టి పిలిచినా తిరిగి చూడడు. కావలసిన వస్తువును వ్రేలితో చూపడు. తోడిపిల్లలు ఆడుకొనుచుండగా ఒంటిగా కూర్చుండి బొమ్మబండి చక్రాన్ని గంటల తరబడి త్రిప్పుచుండును. ప్రొద్దుటూరులోగాని, జమ్మలమడుగులోగాని, పులివెందులలోగాని ఇట్టి బిడ్డను బడికి తెచ్చిన తల్లి తరచుగా వినవలసివచ్చే మాట ఒకటున్నది: ‘నీ పెంపకంలోనే లోపం ఉందమ్మా.’

ఇది లోకులు ఊరక అనే మాట మాత్రమే అనుకొనరాదు. ఒకప్పుడు దీనికి శాస్త్రగౌరవం కూడ లభించినది. ఆ గౌరవాన్ని కల్పించిన గ్రంథాలలో ముఖ్యమైనది 1967లో అమెరికాలో వెలువడిన ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’, అనగా ‘శూన్యదుర్గం’. గ్రంథకర్త బ్రూనో బెటల్‌హామ్. ఆయన 1944 నుండి 1973 వరకు చికాగో విశ్వవిద్యాలయపు ఆర్థోజెనిక్ పాఠశాలకు అధిపతి.

గ్రంథంలో లారీ, మార్షియా, జోయీ అను ముగ్గురు పిల్లల చరిత్రలు విపులంగా ఉన్నవి. తాను యంత్రమని భావించుకొన్న జోయీ కథ చదివినవారు దానిని సులభంగా మరువలేరు. పిల్లల వింత చేష్టలకు వారి దృష్టిలో ఏదో అర్థం ఉండునని, ఓపికతో దానిని వెదకవలెనని గ్రంథకర్త చెప్పినది మెచ్చదగినదే.

కాని మూలసిద్ధాంతం వేరు. బిడ్డ లేకుండిన బాగుండునను కోరిక తల్లిదండ్రుల మనస్సులో దాగియుండుటచేత శిశువు భయపడి తనలోనికి ముడుచుకొనిపోవునట. ఈ నింద ముఖ్యంగా తల్లిమీదనే పడినది. బెటల్‌హామ్ 1938-39లో డాకౌ, బుకెన్‌వాల్డ్ నాజీ శిబిరాలలో ఖైదీగా ఉన్నారు. అచ్చటి ఖైదీల నిస్పృహను ఈ శిశువుల స్థితితో పోల్చినారు. ఉపమానం మనస్సును కదలించును. అయితే ఉపమానం నిదర్శనం కాజాలదు.

క్రొత్త ఎరువు గుణం తెలియవలెనన్న, ప్రక్కనే ఆ ఎరువు వేయని మడి కూడ ఉండవలెను. అట్లే ఆటిజం గల పిల్లల తల్లులను ఇతర తల్లులతో పోల్చి చూడవలెను. గ్రంథంలో అట్టి పోలిక లేదు. తల్లి ముఖం వాడినందున బిడ్డ చూచుట మానినాడా, లేక బిడ్డ చూడనందున తల్లి ముఖం వాడినదా? ఈ ప్రశ్నకు సరియైన పరీక్ష లేదు. అదే తల్లి ఒడిలో పెరిగిన అన్నలు, అక్కలు చక్కగా మాటలాడుట ఎట్లో కూడ ఈ సిద్ధాంతం తృప్తికరంగా చెప్పలేదు.

1943లో 11 మంది పిల్లలను వర్ణించి ఈ స్థితిని వైద్యలోకానికి తెలిపిన లియో కానర్ ఇది పుట్టుకతో వచ్చినదని వ్రాసినారు. అయినను తల్లిదండ్రులలో ఆప్యాయత తక్కువని కూడ వ్రాసి, నిందకు దారితీసినారు. ఆటిజం గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లోనే తన గ్రంథంలో ఈ నిందను ఖండించి, కారణం శరీరధర్మంలోనే వెదకవలెనని వాదించినారు. 1969లో కానర్ స్వయంగా తల్లిదండ్రుల సభలో వారు నిర్దోషులని చెప్పినారు.

1977లో ఫోల్‌స్టీన్, రట్టర్ కవలలను పరిశీలించినారు. ఒకే అండం నుండి పుట్టిన 11 జంటలలో 4 జంటలకు ఇద్దరికీ ఆటిజం ఉన్నది. వేర్వేరు అండాల నుండి పుట్టిన 10 జంటలలో ఒక్క జంటకైనను అట్లు లేదు. సంఖ్యలు చిన్నవైనను, తరువాతి పెద్ద పరిశోధనలు వంశపారంపర్య ప్రభావాన్ని బలపరచినవి. జన్యువులు అనేకం; గర్భస్థదశలోని కొన్ని పరిస్థితుల ప్రభావం కూడ ఉండవచ్చును. తల్లి ప్రేమ చాలకపోవుట కారణం కాదు.

సికిందరాబాదులోని జాతీయ సంస్థ తయారుచేసిన భారతీయ ఆటిజం కొలమానాన్ని చూడుడు. అందులో 40 అంశాలు. ఒక్కొక్కదానికి 1 నుండి 5 వరకు మార్కులు. మొత్తం 70కి చేరిన ఆటిజంగా లెక్కింతురు. అన్నియు బిడ్డ చూపును, మాటను, ఆటను, స్పర్శను గురించినవే. తల్లికి ప్రేమ ఉన్నదా యని అడిగే అంశం ఒక్కటియు లేదు.

నింద వలన కలిగే నష్టం స్వల్పం కాదు. నిందపడిన తల్లి బిడ్డను ఇంట దాచును. శిక్షణకు అనువైన తొలియేండ్లు గడచిపోవును. రోగనిర్ణయం నిపుణుల పని. ఉపాధ్యాయుడు తాను చూచినది వ్రాసియుంచి, తల్లికి నెమ్మదిగా తెలిపి, ముందుగా చెవిపరీక్ష చేయించుమని చెప్పి, ప్రభుత్వ ఆసుపత్రికి, మండలంలోని భవిత కేంద్రానికి దారి చూపవలెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించినది. కాబట్టి బడిలో చోటు ఆ బిడ్డకు దయతో ఇచ్చేది కాదు, హక్కు.

‘శూన్యదుర్గం’ చదువదగిన గ్రంథమే, కాని దాని తీర్పు నమ్మదగినది కాదు. బిడ్డను తీసికొనివచ్చిన తల్లితో మనం ఆడే మాట, ఆమె మరునాడు కూడ ధైర్యంగా బడికి రాగలిగే మాటగా ఉండవలెను.