ఎనమండ్రు లేని అష్టావధానము

అవధానము తెలుగువారి సొత్తని సభలలో చెప్పుకొని గర్వించుచుందుము. ఆ గర్వము తగినదే. అయినను ఆ సొత్తును మన మెట్లు కాపాడుకొనుచున్నామో యించుక విచారింపవలసియున్నది.

ఇటీవల ఈ నగరముననే యొక అష్టావధానమునకు వెళ్ళితిని. ఏ సంఘమువారు జరిపిరో చెప్పుట నా యుద్దేశము కాదు. వేదికపై పృచ్ఛకులు ఐదుగురే. సమస్య నిచ్చినవారే దత్తపదియు నిచ్చిరి. వర్ణన నడిగినవారే ఆశువు నడిగిరి. అప్రస్తుత ప్రసంగము చేసినవారే గంటయు కొట్టిరి. అవధానిగారు ధారణలో ఒక్క పద్యమైనను తప్పలేదు. చప్పట్లు మిన్నుముట్టినవి. కాని నాకు తృప్తి కలుగలేదు.

నేను ముప్పది యేండ్లు కార్యాలయమున సమావేశముల మినిట్సు వ్రాసిన గుమాస్తాను. కోరము లేని సభలో ఎంత మంచి తీర్మానము చేసినను చెల్లదు. అష్టావధానమునకు ఎనిమిది యను సంఖ్య అట్టి కోరమే. పద్యము చెప్పుట మాత్రమే అవధానికి పరీక్ష కాదు. సమస్యకు ఒక పాదము చెప్పి, దత్తపదికి మరలి, వర్ణనకు పోయి, నాలుగు ఆవృత్తులలో పద్యములను ముగించి, తుదకు అన్నిటిని అప్పగింపవలెను. నిషిద్ధాక్షరి యిచ్చువాడు అవధాని నోట రాబోవు అక్షరమును ముందే ఊహించి నిషేధింపవలెను. అట్టివాని దృష్టి వేఱొక ప్రశ్నపై నున్నచో నిషేధము పదును తప్పును. ఎనమండ్రు ఎనిమిది వైపులకు లాగినప్పుడే అవధాని నిలుకడ తెలియును.

తిరుపతి వేంకట కవులు శతావధానములతో ఊరూర పేరు గాంచిరి. 1996లో కాకినాడలో గరికిపాటి నరసింహారావుగారు 1116 మంది పృచ్ఛకుల నెదుర్కొనిరి. 2012లో బెంగుళూరున ఆర్. గణేశ్ గారు కన్నడమున శతావధానము చేసిరి. నూఱన్నచో నూఱే, లెక్కలో రాయితీ లేదు. మన నగరమున పిల్లలందఱు ఆడు చదరంగమునే చూడుడు. గ్రాండ్‌మాస్టరు బిరుదునకు లెక్కకు వచ్చు పోటీలో సామాన్యముగా తొమ్మిది ఆటలైనను ఆడవలెను. ప్రత్యర్థులలో మూడవవంతైనను ఆ బిరుదు గలవారు కావలెను. ఎదుటివారి సంఖ్యయు, వారి యోగ్యతయు గెలుపునకు విలువ నిచ్చును.

"ఈ ఊరిలో ఎనమండ్రను ఎక్కడనుండి తెత్తుము?" అని కార్యకర్తలు అడుగుదురు. ఆ మాటలో బాధ యున్నది, అబద్ధము లేదు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత బడిలో మన అక్షరమునకు చోటు ఇరుకైనది. నా మనుమడు రంగుల రూబిక్ ఘనమును నిమిషములో సరిచేయును; తెలుగు చక్కగా మాటాడును; చదువలేడు. అవధానిని రైలుటిక్కెట్టిచ్చి పిలువవచ్చును. పృచ్ఛకులు మాత్రము ఊరిలోనే పుట్టవలెను. అసలు కొఱత ఇక్కడ నున్నది. ఐదుగురితో సరిపెట్టుట ఆ కొఱతను తీర్చదు, కప్పిపుచ్చును.

కావున నా మనవి యిది. గంట కొట్టుటకు ఛందస్సు అక్కఱలేదు. మా మనుమడు చాలును. తేదీ చెప్పి వారమడుగుటకు పంచాంగమున్న చాలును. అప్రస్తుత ప్రసంగమునకు చమత్కారము కావలెను. మిగిలిన ఐదింటికి సంఘమువారు ఏడాది ముందుగా పద్యపాఠములు పెట్టి మనుష్యులను సిద్ధము చేయవలెను. అప్పటికిని ఎనమండ్రు కుదురకున్నచో ఆహ్వానపత్రమున "పద్యగోష్ఠి" యని వేయుడు. ఆనందమునకు లోటుండదు, పేరునకు అన్యాయము జరుగదు.

మన చింతాద్రిపేట 1734లో నేతగాండ్రకై వెలసినది. చిన్న మగ్గముల పేట యని దాని పేరునకు అర్థము చెప్పుదురు. పేక యెంత మేలైనదైనను పడుగుపోగులు తక్కువైనచో బట్ట పలుచనగును. ఆ సంగతి ఈ పేటవారికి ఒకరు చెప్పవలసినది కాదు.