నెట్‌వర్క్ సమాజంలో కార్మిక ఐక్యత: ఎవరి ఐక్యత?

మాన్యుయెల్ కాస్టెల్స్ పుస్తకం ‘ద రైజ్ ఆఫ్ ద నెట్‌వర్క్ సొసైటీ’ 1996లో వచ్చింది. సెమినార్లలో దాని పేరు ఇప్పటికీ వినబడుతూనే ఉంది. స్థూలంగా ఆయన చెప్పేదిది: పెట్టుబడి నెట్‌వర్కుల ద్వారా ప్రపంచమంతా ఒక్కటవుతుంది, శ్రమ మాత్రం ఉన్నచోటే ఉండి ముక్కలుముక్కలవుతుంది. కార్మికుడు ఒంటరివాడవుతాడు, వాడి సామూహిక గుర్తింపు కరిగిపోతుంది. ఈ వాదనను పట్టుకుని మన వామపక్ష మేధావులు కొందరు ఒకే గేటు, ఒకే సైరను ఉన్న ఫ్యాక్టరీ నాటి ఐక్యత పోయిందే అని బాధపడుతున్నారు. బాధ నిజమే. కాని పోయిందంటున్న ఆ ఐక్యతలో మనవాళ్లు ఎక్కడున్నారు?

బొంబాయి బట్టల మిల్లులే చూద్దాం. నేత శాఖలో కూలి ఎక్కువ. అందులోకి దళితుల్ని రానిచ్చేవాళ్లు కాదు. ఎందుకంటే నాడెలో కొత్త కండె పెట్టినప్పుడల్లా దారం కొసను నోటితో పీల్చి లాగాలి. అంటరానివాడి ఎంగిలి తగిలిన నాడెను సవర్ణ కార్మికుడు ముట్టడు. ఇది యజమాని పెట్టిన రూలు కాదు, తోటి కార్మికుడు పెట్టింది. 1928 సమ్మెలో అంబేడ్కర్ యూనియన్ నాయకుల దగ్గరకు పోయి, అన్ని శాఖల్లోనూ మావాళ్లకు పని హక్కు కావాలనే డిమాండు చేర్చకపోతే మావాళ్లను సమ్మెలోకి రావద్దంటానని చెప్పాల్సి వచ్చింది. వాళ్లు అయిష్టంగానే చేర్చారు. పదేళ్ల తర్వాత, 1938 ఫిబ్రవరిలో మన్మాడ్ రైల్వే కార్మికుల సభలో బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం రెండూ మన శత్రువులేనని ఆయనే చెప్పాడు. అదే ఏడాది నవంబర్ 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి సమ్మె చేయించాడు. కలవడానికి ఆయన ఎన్నడూ వెనకాడలేదు. ఏ షరతు మీద కలుస్తున్నామో మాత్రం అడిగాడు.

ఆ ప్రశ్నను ఇవాళ్టి యాప్ పనుల దగ్గరకు తీసుకురావాలి. 2020-21లో దేశంలో ఇట్లాంటి గిగ్ పనివాళ్లు 77 లక్షల మంది ఉన్నారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. అందులో ఒకడు మా చిన్నమ్మ కొడుకు. డిగ్రీ మధ్యలో మానేసి హైదరాబాదులో ఫుడ్ డెలివరీ చేస్తున్నాడు. వాళ్లకు ఫ్యాక్టరీ లేదు గాని అడ్డా ఉంది: హోటళ్ల సందు, టీ బండి, ఇంత చెట్టు నీడ. అడ్డాకొక వాట్సాప్ గ్రూపు. కిలోమీటరుకు ఎంత కోశారు, ఎవరి ఐడీ బ్లాకయింది, ఎవరు బండి మీదనుంచి పడ్డారు, అన్నీ అందులోనే. మావాడికి కాలు విరిగితే కంపెనీ తరఫున ఫోనెత్తినోడు లేడు. గ్రూపులో ముఖం కూడా తెలియనోళ్లు చందాలేశారు. ఫోన్లలో మొదలైన కోపం వీధిలోకొచ్చి ఉద్యమమవుతుందని కాస్టెల్సే 2012 నాటి మరో పుస్తకంలో ఆశపడ్డాడు. ఆ ఆశ ఉత్తది కాదని నేను ఒప్పుకుంటాను.

కాని అదే గ్రూపులో ఏప్రిల్ 14న మావాడు ‘జైభీమ్’ అని పెడితే అడ్మిన్ తీసేయించాడు. ‘ఇక్కడ కులం వద్దు తమ్మీ, మనమంతా రైడర్లం’ అన్నాడట. వినాయక చవితికి మాత్రం బొమ్మలు వరసపెట్టి వస్తయి.

మనమంతా రైడర్లమే, సరే. కస్టమరు అట్లా చూస్తున్నాడా? 2019లో జబల్‌పూర్‌లో ఒకాయన రైడరు హిందువు కాదని జొమాటో ఆర్డరు రద్దు చేసుకున్నాడు. 2022లో హైదరాబాదులో ఒక కస్టమరు ముస్లిం డెలివరీ మనిషి వద్దని స్విగ్గీ ఆర్డరులోనే రాశాడు. తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ దాన్ని బయటపెట్టి కంపెనీని నిలదీశాడు. యూనియన్ అంటే రేట్ల బేరం ఒక్కటే కాదని చూపించిన పని అది.

ఇక 2024 మార్చిలో జొమాటో శుద్ధ శాకాహారుల కోసం వేరే దళం, దానికి ఆకుపచ్చ యూనిఫాం అని ప్రకటించింది. గొడవయ్యేసరికి మర్నాడే ఆకుపచ్చ చొక్కా వెనక్కి తీసుకుంది. ఎర్ర చొక్కావాళ్లను మాంసంతో ముడిపెట్టి అపార్టుమెంట్లలోకి రానివ్వరేమోనన్న సంగతి కంపెనీ అధిపతి నోటివెంటే వచ్చింది. చొక్కా రంగు పోయింది, శాకాహారుల కోసం వేరే ఏర్పాటు మాత్రం ఉంచుతామన్నారు. నాడె దగ్గరి ఎంగిలి భయమే ఇది. అప్పుడు దాన్ని తోటి కార్మికుడు కాపలా కాశాడు. ఇప్పుడు రేటింగు చుక్కలు చేతిలో పెట్టుకున్న కస్టమరు కాస్తున్నాడు.

సమ్మె సంగతి ఇంకా చిక్కు. 2025 డిసెంబర్ 31న యాప్‌లు ఆపేయమని గిగ్ వర్కర్ల సంఘాలు దేశవ్యాప్తంగా పిలుపిచ్చాయి. పది నిమిషాల డెలివరీ ఎత్తేయాలన్నది ఒక డిమాండు. ఆ రాత్రికి కంపెనీలు ఆర్డరు మీదిచ్చే డబ్బు పెంచి, పండగలకు ఎప్పుడూ పెంచేదేనన్నాయి. గేటుంటే అడ్డం నిలబడొచ్చు. ఇక్కడ పక్కోడు లాగిన్ అయ్యాడో లేదో కూడా తెలియదు. మావాడు ఆ రాత్రి లాగిన్ అయ్యాడు. బండి కిస్తీ మీద పడింది, గది కిరాయి ఉంది. ఊళ్లో రెండెకరాలున్న వాడి దోస్తు ఆ రాత్రి ఫోను ఆపేసి ఇంట్లో పడుకున్నాడు. రేపొద్దున మావాడిది ద్రోహం, వాడి దోస్తుది వర్గ చైతన్యం అని ఎవరైనా వ్యాసం రాస్తే నేనొప్పుకోను. ఒక రాత్రి కూలి వదులుకోగల స్తోమత ఎవరికుంది, ఎవరికి లేదు అనేది యాప్ పుట్టకముందే ఊళ్లో తేలిపోయింది. నెట్‌వర్క్ గురించిన సిద్ధాంతం ఈ సంగతి దగ్గర మాట్లాడదు. మన సంఘాలు కూడా తక్కువే మాట్లాడుతున్నాయి. సమ్మె నిధి అనేది ఎవరి అవసరాన్ని బట్టి పంచాలో ముందే తేల్చుకోకుండా సమ్మెకు పిలుపిస్తే భారం మళ్లీ వాడ మీదే పడుతుంది.

సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మావాడు ఇంకొకటి అడిగాడు. కస్టమరుకు రైడరు పేరెందుకు కనబడాలి, ఆర్డరు నంబరు చాలదా అని. పేరు దాచుకోవడం ఆత్మగౌరవం ఎట్లయితది అని మనవాళ్లలోనే వాదించేవాళ్లుంటారు. నాకూ ఆ గుంజాటన ఉంది. కాని తలుపు తీసేవాడు పేరు చదివి చెయ్యి ముడుచుకుంటే ఆ మెట్ల మీద నిలబడేది వాడు, నేను కాదు. ఈ డిమాండు కూడా జాబితాలో పెట్టండని మావాడు గ్రూపులో రాశాడు. ముందు రేటు సంగతి చూద్దాం తమ్మీ అని జవాబొచ్చింది.