మూసీ వరదయు జపాను రాక్షసియు

ప్రకృతి చరిత్రమును వ్రాయువాడు వినోదచిత్రములను పరిశీలింపవలెనా? ఈ ప్రశ్న వినినతోడనే మన పండితులలో పెక్కురు నవ్వుదురు. శాసనములును శిస్తులెక్కలును ఆధారములగును గాని, పిల్లలు చప్పట్లు చరచుచు చూచు రాక్షసికథ ఆధారమెట్లగునని వారి ఆక్షేపణము. విలియం త్సుత్సుయి యను అమెరికా చరిత్రకారుని కృషి దీనికి తగిన ప్రత్యుత్తరము.

ఆయన జపాను ప్రకృతిని గూర్చియు, ఆ దేశపు జనసామాన్య వినోదములను గూర్చియు పరిశోధన సాగించినవాడు. 2003లో ప్రకటించిన వ్యాసమున యుద్ధకాలమందు అచ్చటి నేలకు, అడవికి కలిగిన దురవస్థను విచారించెను. విమానములకు నూనె కరవై, పైను చెట్ల వేళ్లను త్రవ్వించి నూనె తీయించిన ప్రభుత్వమది! 2004లో గాడ్జిల్లా చిత్రములపై ఒక గ్రంథమునే వ్రాసెను.

ఆ రాక్షసి పుట్టుక నవ్వులాట కాదు. 1954 మార్చి 1వ తేదీన బికినీ దీవియందు అమెరికా ప్రేల్చిన హైడ్రోజను బాంబు ధూళి ఒక జపాను చేపలపడవపై పడెను. అందలి 23 మందియు వ్యాధిగ్రస్తులైరి. ఒకడు సెప్టెంబరులో మరణించెను. నవంబరులో హోండా ఇషిరో చిత్రము వెలువడెను. బాంబుచే మేల్కొన్న జంతువు టోకియోను తగులబెట్టుట చూచిన జనులకు అది కేవలము కల్పనగా తోచియుండునా? 1956లో అమెరికాలో ప్రదర్శించిన ప్రతియందు ఆ బాంబు ప్రసక్తిని చాలవరకు తొలగించిరి. 1971 నాటి చిత్రములో శత్రువు కర్మాగారముల మురికిని తిని పెరిగిన భూతము. కాలము మారగా భయమును రూపు మార్చుకొన్నది.

త్సుత్సుయి గ్రంథమునందు నాకు తోచిన లోపమొకటి కలదు. ఆయన గాడ్జిల్లాకు బాల్యమునుండియు అభిమాని. ఆ యభిమానము చదువరిని నవ్వించును గాని, ఒక్కొక్కచోట విచారణను తేలిక చేయును. పైను వేళ్లు త్రవ్విన చేతులకును ఆ చిత్రము చూచిన కన్నులకును గల సంబంధమును ఇంకను దగ్గరగా చూపియుండినచో గ్రంథము మరింత గంభీరమై యుండెడిది. అయినను మార్గము మంచిది.

ఆ మార్గమున మన మూసీని చూతము. 1908 సెప్టెంబరు 28న నది హైదరాబాదును ముంచి వేలమందిని పొట్టబెట్టుకొనెను. ఆ తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై 1920లో ఉస్మాన్ సాగరును, 1927లో హిమాయత్ సాగరును పూర్తియయ్యెను. ఈ సంగతి చరిత్రపుస్తకములలో కలదు. తల్లిని, భార్యను, కుమార్తెను పోగొట్టుకొన్న ఉర్దూకవి అమ్జద్ హైదరాబాదీ దుఃఖము వానిలో కానరాదు. నూటయేబదిమందిని తన కొమ్మలపై కాపాడినదని చెప్పుకొను ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు కానరాదు. నవాబు మహబూబ్ అలీఖాన్ నదికి చీర సమర్పించి శాంతింపజేసెనను జనశ్రుతియు కానరాదు. చీర వరదను తగ్గించెనని నమ్ముమని నేననుట లేదు. జనులు నదిని అలుగగల తల్లిగా నెంచిరనుటకు అది సాక్ష్యము. కథ సంఘటనకు సాక్ష్యము కాకపోయినను మనస్సునకు సాక్ష్యమగును.

ఇది పండితుల వివాదము మాత్రమే కాదు. ఉస్మాన్ సాగరునకు చేరువనున్న మోకిలలో 2023లో ఇండ్లస్థలములు వేలమున అమ్ముడుపోయెను. జలాశయములను కాపాడుటకు 84 గ్రామములలో కట్టడములను నియంత్రించిన 1996 నాటి 111వ నంబరు ఉత్తర్వును 2022లో సడలించిరి. చేవెళ్ల బాటపై సుమారు 900 మర్రిచెట్ల భవితవ్యము రోడ్డు వెడల్పుతో ముడిపడి వివాదమయ్యెను. గజము వెల యెంతయో ప్రతివానికిని తెలియును. ఆ చెరువు ఏ శవరాశుల జ్ఞాపకముగా కట్టబడినదో తెలిసినవారెందరు? మరచిన జాతికి చెరువు నీటిపల్లముగాక అమ్మకపు స్థలముగా కనబడును.

కావున మన చరిత్రకారులు దస్తావేజులతో తృప్తిపడక, ఆ మర్రినీడలో కూర్చున్న ముదుసలులను కూడ అడుగవలెను. వారి కథలను నమ్మనక్కరలేదు. వినకుండుట మాత్రము తగదు. జపాను తన భయమును చిత్రముగా గీచుకొని దాచుకొన్నది. మన భయమును మనము వ్రాసికొననిచో, నదియే మరల గుర్తుచేయును.