గుర్రుమంటే గద్దించకండి

పిల్లిని చూసి కుక్క గుర్రుమనగానే ‘ఏయ్!’ అని గద్దిస్తాం. కుక్కనీ, రెండు పిల్లుల్నీ ఒకే ఇంట్లో సాకుతున్న నాకు ఆ గద్దింపు అస్సలు నచ్చదు. గుర్రుమనడం దాని హెచ్చరిక. కసిరితే భయం పోదు, హెచ్చరిక పోతుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకుండా కరుస్తుంది.

మా కుక్క రాజు వీధి నుంచి వచ్చినవాడు. లిఫ్ట్ చప్పుడుకే ఉలిక్కిపడి మొరుగుతాడు. సోఫా వెనక నుంచి పిల్లి సర్రున దూసుకెళ్తే ఇక ఆగడు. పరిగెత్తేదాన్ని తరమడం కుక్క పుట్టుకలోనే ఉంది, అందులో పగేమీ లేదు.

ఇక్కడ మందు దూరమే. పిల్లి కాస్త దూరంలో ఉంటే రాజు మన మాట వింటాడు, పెట్టింది తింటాడు. దగ్గరైతే ఒళ్లు బిగుస్తుంది, నోరు మూసుకుంటుంది, చూపు పిల్లికే అతుక్కుపోతుంది. అప్పుడు మాంసం పెట్టినా ముట్టడు. ఆ క్షణంలో నేర్పగలిగింది ఏమీ లేదు, మెల్లగా అవతలికి తీసుకుపోవాలి, అంతే. దూరంగా, నిమ్మళంగా ఉన్నప్పుడే పాఠం. పిల్లి కనబడగానే ఉప్పూ మసాలా లేకుండా ఉడికించిన కోడిముక్క ఒకటి. ముందు పిల్లి, తర్వాత ముక్క. ఈ వరస తప్పకూడదు. శాస్త్రవేత్త పావ్లోవ్ కుక్కల్లో కనిపెట్టిన సూత్రమే ఇది. అమెరికా శిక్షకురాలు లెస్లీ మెక్‌డెవిట్ దీన్నో ఆటగా మలిచారు: బెదరగొట్టేదాన్ని ఒకసారి చూసి, కుక్క తనంతట తానే మనవైపు తిరగాలి. రాజు మొదటిసారి అలా తిరిగిన రోజు నాకు పండగే.

మరి పిల్లులో? అందరూ కుక్కనే తప్పుపడతారు. బీరువా మీద కూర్చుని, రాజు ముక్కు ముందు తోక ఊపే మా చిన్నదాన్ని ఎవరూ ఏమీ అనరు. పొద్దుపోని పిల్లి కుక్కని ఆటపట్టిస్తుంది. సాయంత్రం తాడుకు ఈక కట్టి అలిసేదాకా వేటాడించి, ఆపైన తిండి పెడితే ఒళ్లు నాక్కుని పడుకుంటుంది. దాన్ని తిట్టడం కంటే ఇది ఎంతో నయం. ఎక్కడానికి ఎత్తైన చోటూ, కుక్క దూరలేని గదీ మాత్రం పిల్లులకు ఎప్పుడూ ఉండాలి.

టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2008లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పిల్లి ముందుగా ఇంట్లో ఉండి, రెండూ పసివయసులోనే కలిస్తే పొత్తు బాగా కుదురుతుంది. మా ఇంట్లో ముందొచ్చింది రాజు, అదీ బాగా ఎదిగాక. అందుకే మేం బయటికెళ్లేటప్పుడు రాజుకూ పిల్లులకూ మధ్యనున్న గేటుకు ఇప్పటికీ గడియ పెడతాం. ‘ఇంకా ఎన్నాళ్లు?’ అని చుట్టాలు అడుగుతుంటారు. రాజుకు అవసరమైనన్నాళ్లూ పెడతాం.