ఒంటికి పట్టాలన్న మాట

హెచ్‌ఐవీ ఉన్నవారికి మన ఇళ్లలో చెప్పే మాట ఒకటే: ‘బాగా తిను, నెయ్యి వేసుకో, ఒంటికి పట్టాలి.’ ఆ మాట పుట్టిన రోజుల్లో అది సరైనదే. మందులు అందక మనిషి చిక్కి శల్యమయ్యే కాలంలో బరువు నిలిస్తేనే ప్రాణం నిలిచేది. అన్నంలోని పిండిపదార్థంలో గ్రాముకు 4 కేలరీలుంటే గ్రాము కొవ్వులో 9. నాలుగు ముద్దలకు మించి తినలేనివారికి చెంచాడు నెయ్యి నిజంగానే మందు. 2004 ఏప్రిల్‌లో ప్రభుత్వం హెచ్‌ఐవీని అణిచే ఏఆర్‌టీ మందులు ఉచితంగా ఇవ్వడం మొదలయ్యాక పరిస్థితి మారింది. వేళకు మాత్ర వేసుకునేవారు వృద్ధాప్యం చూస్తున్నారు. మాట మాత్రం మారలేదు.

మారాల్సింది ఎందుకంటే, మందులతో వైరస్ అణిగినా ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ నివురుగప్పిన నిప్పులా ఉంటుంది, రక్తనాళాల గోడలను దెబ్బతీస్తుంది. అందుకే వీరికి గుండెజబ్బు ముప్పు ఇతరులకంటే ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. దానికి తోడు ఏఆర్‌టీ మందుల్లో ఒకటైన డోలుటెగ్రావిర్ వాడేవారిలో కొందరు బరువు పెరుగుతున్నారు. కాబట్టి ఏ కొవ్వు, ఎంత అన్నది తేలాలి. పామాయిల్‌లో దాదాపు సగం గుండెకు చేటు చేసే సంతృప్త కొవ్వే. వేరుశనగ నూనెలో అది ఐదో వంతు. రెండు వేల కేలరీల భోజనానికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్లు ఖర్చయితే తలకు రోజుకు 38 గ్రాములు పడుతుంది, బయట తిన్న పునుగులు లెక్కలో లేకుండానే.

పామాయిల్ చౌక కదా అంటారు. నిజమే, నూనె మార్చలేకపోతే పోపులో సగం తగ్గించవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు. కొవ్వు పేరుకోవడం మందుల వల్లేనని వాటిని మానేయాలనుకుంటే అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే: 2006 నాటి స్మార్ట్ అధ్యయనంలో మందులు మధ్యలో ఆపినవారిలో మరణాలు పెరిగాయి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర ఉందిగా అనేవారికీ ఆధారముంది. భారత్ సహా పలు దేశాల్లో హెచ్‌ఐవీ ఉన్న 7,769 మందిపై జరిగిన రిప్రీవ్ పరీక్షలో పిటవాస్టాటిన్ గుండె ప్రమాదాలను 35 శాతం తగ్గించిందని 2023లో తేలింది. ఆ పరీక్ష వంటనూనె సంగతి చూడలేదు. కానీ మాత్రతో మూడో వంతే తగ్గితే, మిగిలినదానికి వంటింట్లోనూ దారి వెతకాలి. బరువు తగ్గిపోతున్నవారికి మాత్రం నేటికీ నెయ్యి కావాలి. అందుకే ముందు తూకం చూడాలి, ఆ తర్వాతే నెయ్యి మాట చెప్పాలి.