పొద్దుటి కల్లు, మధ్యాహ్నపు కల్లు

వైన్ రుచి నేర్చుకోదలచిన కొత్తవాళ్ళకు తెలిసినవాళ్ళు ఒక మాట చెబుతారు. ఖరీదైన సీసా ఒకటి కొనే బదులు చవకవి మూడు తెచ్చుకుని, పక్కపక్కన పోసుకుని, కొద్దికొద్దిగా చప్పరిస్తూ తేడా పట్టమంటారు. ఆంధ్రా ప్యారిస్ అని పేరుపడ్డ తెనాలి నుంచి కాలవ గట్ల వెంట రేపల్లె దాకా, ఇటు బాపట్ల దాటి సూర్యలంక ఇసుక నేలల దాకా, ఈ చదువుకు కావలసిన సరుకు చెట్ల మీదే ఉంది. అది తాటికల్లు. పాకలో కూర్చుని గటగటా తాగి లేచిపోయే అలవాటు వల్ల దాన్ని నింపాదిగా రుచి చూసేవాళ్ళు తక్కువ. రుచిలో మాత్రం అది ఏ ద్రాక్ష సారాయానికీ తీసిపోదు.

ద్రాక్షరసం వైన్ కావడానికి వారాలు పడుతుంది, మంచి వైన్ నెలలూ ఏళ్ళూ అడుగుతుంది. తాటినీరు అంతకాలం ఆగదు. గెల కొస నుంచి కుండలో పడ్డప్పటి నుంచే పులియడం మొదలుపెడుతుంది. ఆ నీటిలో నూటికి పది పైచిలుకు పాళ్ళు చక్కెర ఉంటుంది. గాలిలోనూ కుండలోనూ ఉన్న ఈస్ట్ దాన్ని పట్టుకుని, కొన్ని గంటల్లోనే నూటికి నాలుగైదు పాళ్ళ ఆల్కహాల్‌గా మారుస్తుంది. వెనకే పులుపు పుట్టించే బ్యాక్టీరియా పని మొదలవుతుంది. మర్నాటికి అది వెనిగర్ దారి పడుతుంది. తీపి, మత్తు, పులుపు మూడూ ఒకే రోజులో వచ్చిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఈ రుచి వెనక ఉన్న పనితనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. తాటిలో పోతుచెట్టు వేరు, పెంటిచెట్టు వేరు. రెంటినీ గీస్తారు. పోతుచెట్టుకు పూత వచ్చే పొడుగాటి గెలలను కట్టగా కట్టి, కొన్ని రోజుల పాటు కర్రతో మెల్లగా నొక్కి, తట్టి, కొసను పలచగా చెక్కుతారు. పెంటిచెట్టుకు కాయ ముదరక ముందే లేత గెలను ఇలాగే సిద్ధం చేస్తారు. గట్టిగా నొక్కితే గెల చస్తుంది, తేలిగ్గా వదిలేస్తే నీరు దిగదు. ఆ బలం ఎంతో చేతికే తెలుస్తుంది. పూటపూటకూ రేకంత మందాన కొస చెక్కకపోతే గాయం పూడి నీరు ఆగిపోతుంది. అందుకే గీతకార్మికుడు నడుముకు మోకు, పాదాలకు బంధం వేసుకుని, ఎండనకా మంచనకా రోజుకు రెండుసార్లు 60 అడుగుల చెట్టెక్కాలి. ఈతచెట్టు పద్ధతి పూర్తిగా వేరు. అక్కడ గెల జోలికి పోరు, మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. నడుమ చెట్టుకు విశ్రాంతి ఇవ్వకపోతే అది క్షీణిస్తుంది. ఈతకల్లు చలికాలంలో బాగుంటుంది, తాటికల్లు ఎండలు ముదిరేకొద్దీ విరివిగా దిగుతుంది.

కుండ సంగతి చాలామంది పట్టించుకోరు. నిన్నటి అడుగు మిగిలిన కుండ, పాలల్లో వేసిన తోడులా పనిచేసి కొత్త నీటిని తొందరగా పులియబెడుతుంది. శుభ్రంగా కడిగి ఎండబెట్టిన కుండలో పులుపు ఆలస్యంగా వస్తుంది. లోపల సున్నం పూస్తే పులియడమే ఆగుతుంది, అదే నీరా. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన కేంద్రం నీరా మీదా, తాటి బెల్లం మీదా పనిచేస్తోంది. 21 ఏళ్ళు నిండనివాళ్ళూ, మత్తు వద్దనుకునేవాళ్ళూ నీరాతోనే రుచిపాఠం మొదలుపెట్టొచ్చు.

ఇక రుచి చూసే పద్ధతి. తాటాకు దొప్పలో తాగడం గొప్ప సుఖమే, కానీ ఆకు వాసన కల్లులో కలుస్తుంది. పోల్చాలంటే గాజు గ్లాసులే మేలు. ఒకే పొద్దున దింపిన పోతుతాటి కల్లు, పెంటితాటి కల్లు చెరో గ్లాసులో, వీలైతే ఈతకల్లు మూడో దాంట్లో పోయండి. అన్నీ ఒకే గంటకు చెందినవి కావాలి. ఏడింటి కల్లునూ పదకొండింటి కల్లునూ పక్కన పెడితే తెలిసేది చెట్ల తేడా కాదు, గంటల తేడా. ముందు రంగు చూడండి. తాజాది పలచగా ఉంటుంది, పులిసేకొద్దీ పాలలా తెల్లబడి నురగ కడుతుంది. తర్వాత వాసన. మొదట పచ్చి తీపి, పిమ్మట పులిసిన పిండి వాసన, చివర్లో ముక్కును గుచ్చే వెనిగర్ ఘాటు. ఆ తర్వాతే నోట్లో పోసుకుని కాసేపు నిలపండి. మిర్చి బజ్జీ దగ్గర పెట్టుకోకండి, గుంటూరు కారం తిన్న నాలుకకు తేడాలు అందవు. ఉప్పులేని ఉడకబెట్టిన వేరుశెనగలు, మంచినీళ్ళు చాలు. మింగక్కర్లేదు, ఉమ్మేసినా రుచి తెలుస్తుంది. నా నాలుకకు ఈతకల్లులో తీపి ముందుంటుంది, తాటికల్లులో వగరు ఎక్కువసేపు నిలుస్తుంది. మీకు వేరుగా తోచవచ్చు. రాసి పెట్టుకోండి. మిగిలిన దాన్ని ఓ మూల ఉంచి మధ్యాహ్నం మళ్ళీ చూడండి.

ఇదంతా సరదా కోసమే చెప్పడం లేదు. క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన కల్లు తెలుగునాట ఎందరి ఆరోగ్యాన్నో చెడగొట్టింది. మత్తు కోసమే తాగితే దేనిలో ఏముందో పట్టదు. కల్తీ వ్యాపారం నిలబడ్డది ఆ పట్టనితనం మీదే. అన్ని కల్తీలనూ నాలుక కనిపెట్టలేదు కాబట్టి చెట్టు దగ్గరే కొనండి. గబ్బిలాలు తాకిన పచ్చి ఈతనీటి వల్ల బంగ్లాదేశ్‌లో నిపా వైరస్ సోకింది. కుండకు వల గానీ మూత గానీ కట్టారేమో చూసుకోండి.

ఎంత మంచి కల్లయినా ఆల్కహాలే. కొద్దిగా చాలు. తిరుగు ప్రయాణంలో బండి తాగనివాళ్ళ చేతికివ్వండి. గీసేవాళ్ళను ఏ చెట్టుది, ఎప్పుడు దింపారు, కుండ ఎప్పుడు కడిగారు అని అడగండి. చెప్పింది వినండి. పొద్దున్నే ప్రాణం పణంగా పెట్టి దింపిన ఆ కుండ దగ్గర మాత్రం బేరమాడకండి.